రాగి బాయిలర్ మీద నింద

మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో నీళ్ళు కాచే ఒక రాగి బాయిలర్ పదకొండేళ్ళుగా నింద మోస్తోంది. ఒక మనిషి కుడిచేతిని కాల్చి, పనికిరాకుండా చేసింది అదేనని అందరూ నమ్ముతారు. మొన్న ఆ మనిషి పోయింది. సమాధుల తోటలో మట్టి వేసి చేతులు దులుపుకుంటూ, "ఆ మాయదారి బాయిలరే లేకపోతే ఇంకో వందమంది పిల్లలకి నీల్లు పోసును" అన్నారొకరు. పక్కనున్నవాళ్ళు అవునన్నారు. నేనూ అక్కడే ఉన్నాను. తల ఊపానో లేదో గుర్తులేదు గాని, కాదని మాత్రం అనలేదు.

ఆ బాయిలర్ ఏ పాపమూ ఎరగదు. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఆమె, నేను ఇద్దరమే అనుకున్నాను. ఆమె పోయాక నేనొక్కణ్ణే మిగిలాననుకున్నాను. నేనూ పోతే ఆ నింద చెరిపేవాళ్ళుండరు. అందుకే ఈ రాత మొదలుపెట్టాను.

ఆమె పేరు రాయను. ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళను నేను చూడలేదు. తెలుగువాళ్ళకి నీళ్ళత్త, బెంగాలీవాళ్ళకి జొల్ మాశీ. పురుడు వచ్చిన ఇంటికి మూడో రోజునో ఐదో రోజునో కబురు వెళ్ళేది, ఆమె వచ్చేది. చంటిపిల్లకీ బాలింతకీ నలభై రోజులు నీళ్ళు పోసేది. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం, మాది తులసికోటకి దణ్ణం పెట్టే కుటుంబం. పొద్దున ఆరుగంటల వేళ ఎవరి ఇంట్లో పొయ్యి వెలిగితే ఆ ఇల్లే ఆమెది.

పొట్టి మనిషి. కుడిచేతికి గాజులుండేవి కావు. ఎడమచేతికి మాత్రం రెండే రెండు. రవిక చేతిని మోచేతికి పైదాకా మడిచి, నీళ్ళ దగ్గరికి వచ్చి, ఎవరినో పలకరించబోతున్నట్టు ఒక క్షణం ఆగేది. తరవాత కుడి మోచేతిని నీళ్ళలో ముంచేది. వేళ్ళు కాదు, అరచెయ్యి కాదు, మోచెయ్యే. కళ్ళు మూసుకునేది. చెంబుడు చన్నీళ్ళు పొయ్యమనో, ఒక చెక్క ఎగదొయ్యమనో చెప్పేది. మళ్ళీ ముంచేది.

ఆమె లెక్కలో నీళ్ళు మూడు రకాలు. పసిగుడ్డు నీళ్ళు, బాలింత నీళ్ళు, ముసలివాళ్ళ నీళ్ళు. బాలింత నీళ్ళంటే మనం వేలు పెట్టి చటుక్కున తీసేసేంత వేడి. ముసలివాళ్ళవి దానికి కాస్త తక్కువ. పసిగుడ్డు నీళ్ళు మాత్రం ఆమె ఎంత చెప్పినా నాకు అర్థమయ్యేవి కావు. "మోసెయ్యి ఎట్టినాక, ఎట్టినట్టే తెలకూడదు బావూ. ఉన్నాయా లేవా అన్నట్టుండాల" అనేది.

మా పెద్దమ్మాయి పుట్టిన చలికాలం ఆమెను మొదటిసారి దగ్గరగా చూశాను. అప్పటికి మా నాన్న రైలు పెట్టెలు బాగుచేసే కేరేజీ షాపులో పనిచేస్తున్నారు. మేమంతా ఆయన క్వార్టర్‌లోనే ఉండేవాళ్ళం. నాకు పూరీ గేట్ దగ్గర కరెంటు సామాన్ల చిన్న దుకాణం. ఎనిమిదో తరగతితో బడి మానేసినా, సాయంత్రం దుకాణం కట్టేసి రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాణ్ణి. ఆవిరి, విద్యుత్తు, లోహాలు, ఏది దొరికితే అది. చదివింది చదివినట్టు ఇంట్లో చెప్పకపోతే నాకు నిద్రపట్టేది కాదు.

పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు బారజాపి, వాటి మీద మా పాపను బోర్లా పడుకోబెట్టి నలుగు పెట్టేది నీళ్ళత్త. నీళ్ళు పోయడం అయ్యాక పాప తలమీద చెయ్యి ఉంచి, పెదవులు కదిలీ కదలకుండా ప్రార్థన చేసుకునేది. మా అమ్మ పక్కనే ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని నిలబడేది.

"నీదయ్యాక సెప్పు, నేను దిష్టి తీస్తాను" అనేది అమ్మ.

"తియ్యండమ్మా. ఎవలది పన్జేసినా పిల్ల మనదే కదేటి" అనేది ఆమె.

అప్పటికి మా ఇళ్ళలో చాలామంది ఇటుకల పొయ్యి మీద కాగు పెట్టి, లోకో షెడ్డు నుంచి వచ్చే సగం కాలిన బొగ్గుతో నీళ్ళు కాచేవాళ్ళు. మంట కింద ఉంటుంది, నీళ్ళు పైన. వేడిలో సగం గాలికే పోతుంది. ఆఫీసర్ల బంగళాల్లో గీజర్లుండేవి, వాటిని వైరింగు పనికి వెళ్ళిన మా బోటివాళ్ళు తప్ప ఎవరూ చూడలేదు. ఈ రెంటికీ మధ్యన, ఆమె ఇంట్లో, ఆ రాగి బాయిలర్.

దాన్ని ఆమె పెనిమిటి చేశాడు. వర్క్‌షాపులో, రైలింజన్ల బాయిలర్ షాపులో రివెట్లు కొట్టిన చేతులు. రాగిరేకు కొనుక్కుని, ఆరు ఆదివారాలు ఇంటి ముందు కూర్చుని కొట్టాడట. నడుమ గొట్టం, గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు. నిప్పును నీళ్ళు కౌగిలించుకుని ఉంటాయి కాబట్టి వేడి బయటికి పోదు. పైనున్న గరాటులో చెంబుడు చన్నీళ్ళు పోస్తే అవి అడుక్కి దిగుతాయి. పైన తేలిన చెంబుడు వేన్నీళ్ళు ముక్కులోంచి బయటికి వస్తాయి. వేన్నీళ్ళు తేలిక, చన్నీళ్ళు బరువు. ఈ సంగతి నేను లైబ్రరీలో రెండు వారాలు కుస్తీ పట్టి తెలుసుకున్నాను. ఆమెకు వివరించబోతే నవ్వింది.

"పొయ్యకుండా ఇమ్మంటే ఇవ్వదు బావూ అది. మా ఆయన లాంటిదే."

ఆయన అప్పటికే పోయి కొన్నేళ్ళయింది. ఒక్కడే కొడుకు దానియేలు, లోకో షెడ్డులో పని. ఆ బాయిలర్‌ను ఆమె శనివారం శనివారం చింతపండుతో తోమేది. చర్చికి వెళ్ళే ముందు బాయిలర్ మెరవకపోతే ఆదివారం వచ్చినట్టు ఉండదనేది. వేన్నీళ్ళకి వీలులేని ఇళ్ళవాళ్ళు పిల్లల్ని ఆమె ఇంటికే ఎత్తుకొచ్చేవాళ్ళు. తెల్లవారేసరికి గుమ్మంలో ముగ్గురు నలుగురు తల్లులు. పొగకి ఆమెకు దగ్గు. ఒక్కొక్క పొద్దున దగ్గుతూ గోడ పట్టుకుని నిలబడిపోయేది.

మా పాపకి నలభై రోజులు నిండాయి. అమ్మ చీర పెట్టింది. నాకు అది చాలదనిపించింది. ఆ వారమే కరెంటు కడ్డీ గురించి ఒక అధ్యాయం చదివాను. బకెట్టులో ముంచి స్విచ్ వేస్తే నీళ్ళు కాగే కడ్డీ. పొగ లేదు, బొగ్గు లేదు, దగ్గు లేదు. అంతకన్న మంచి కానుక లేదనుకుని, దుకాణంలో కొత్తగా వచ్చిన వాటిలో ఒకటి తీసి, కాగితంలో చుట్టి, సైకిల్ మీద ఆమె ఇంటికి తీసుకువెళ్ళాను.

గోడకి ప్లగ్ బిగించాను. బకెట్టులో కడ్డీ వేలాడదీసి, స్విచ్ వేసి, చదివిందంతా చెప్పాను. నీళ్ళు ఈ గీత దాటి ఉండాలి, ఉత్త బకెట్టులో వెయ్యకూడదు, స్విచ్ ఆపి కడ్డీ తీశాకే నీళ్ళు ముట్టాలి. ఆమె చేతులు కట్టుకుని, చర్చిలో విన్నట్టు విన్నది.

"అంతా బానే ఉంది గాని బావూ, నీల్లు అయినాయో లేదో నాకెలగ తెలుస్తాది?"

"ఇరవై నిమిషాలత్తా. గడియారం చూసుకో."

"నీల్లకి గడియారం తెలుస్తాదేటి? సలి రోజు ఒకలగుంటాది, ఎండ రోజు ఒకలగుంటాది."

"అయితే పాతిక."

"పసిగుడ్డు నీల్లకి పాతికా? బాలింత నీల్లకి పాతికా?"

నేను నవ్వాను. ఆమె అడిగింది నిజమైన ప్రశ్న అని నాకు తోచలేదు. నలభై రోజులు మా పెరట్లోనే, నా కళ్ళముందే ఆ మోచెయ్యి నీళ్ళలో మునిగింది. ఆ మోచేతినీ ఈ కడ్డీనీ ఒక్కసారైనా పక్కపక్కన పెట్టి ఆలోచించలేదు.

"సదువుకున్నోడివి. నువ్వు సెప్పినావంటే సరే" అంది ఆమె.

నాలుగో రోజు పొద్దున, ఎలా ఉందో కనుక్కుందామని దుకాణానికి పోతూ అటు వెళ్ళాను. ఇంకా తల్లులు ఎవరూ రాలేదు. దానియేలు డ్యూటీలో ఉన్నాడు. పెరట్లో ఇనప బకెట్టు బోర్లాపడి ఉంది. తడి గచ్చు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది నీళ్ళత్త. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది. అది తనది కానట్టు, ఎవరో ఇచ్చి పట్టుకోమన్నట్టు ఉంది. మోచెయ్యి దగ్గర చర్మం నల్లబడింది.

"ఇయ్యాలే తొలిపాలి ఏసినాను. పైన మరుగుతన్నాయి, అడుగున సల్లగున్నాయి" అంది నన్ను చూసి. "కలిపి సూద్దామని ఎట్టినాను, కరెంటు ఇసిరికొట్టింది. స్విచ్ సంగతి గుర్తుంది. సెయ్యికి గుర్తులేదు."

స్విచ్ ఆపాను. ఎవరినైనా పిలుస్తానని గుమ్మం వైపు తిరిగాను.

"ముందు ఆ కడ్డీ తీసి సొక్కా కింద ఎట్టు. గోడకున్న ఆ పెట్టి ఇప్పీ. పట్టుకుని బేగి ఎల్లిపో."

"అత్తా, ఆస్పత్రికి..."

"పక్కింటోల్లు తీసుకెల్తారు. బాయిలర్ మీద పడినానని సెప్తాను. నువ్విచ్చిందని తెలిస్తే రేపు నీ దుకాణం మెట్టెక్కుతారేటి ఎవలైనా? చంటిపిల్ల తండ్రివి."

"బాయిలర్ మీద పెడతావా?"

"దానికేటి, సేసినోడు సచ్చిపోయినాడు. ఆడి మీద ఎట్టినా ఆడేటీ అనుకోడు."

ఎంత ఇష్టంగా ఆ బాయిలర్‌ను తోమేదో చూసినవాణ్ణి. అయినా ప్లగ్ విప్పి, చొక్కా కింద కడ్డీ పెట్టుకుని, సైకిల్ ఎక్కి వచ్చేశాను. వెనక్కి చూడలేదు. వర్క్‌షాపు సైరన్ మోగుతోంది. దారిలో ఎదురైన మనుషులు నన్ను చూసి ఎప్పటిలాగే చెయ్యెత్తారు.

పుండు రెండు నెలల్లో మానింది. మోచేతి నుంచి మణికట్టుదాకా స్పర్శ తిరిగి రాలేదు. గుండుసూదితో గుచ్చినా తెలిసేది కాదట. ఎడమ మోచెయ్యి ఉంది కదా అన్నారు కొందరు. కుడిచెయ్యి ముప్పయ్యేళ్ళు నేర్చుకున్నది ఎడమచెయ్యికి ఎక్కడి నుంచి వస్తుంది. అయినా ప్రయత్నం చేసింది. ఎడమ మోచెయ్యి ముంచేది, కళ్ళు మూసుకునేది, చాలాసేపు అలాగే ఉండేది. మునుపు ఒక్కసారి ముంచితే సరిపోయేది, ఇప్పుడు నాలుగైదుసార్లు. పక్కనున్న తల్లిని, "నువ్వొకపాలి సూడమ్మా" అని అడిగేది.

ఈలోగా బాయిలర్ మాట ఊరంతా పాకింది. నీళ్ళత్త బాయిలర్ మూలకి చేరింది, పాత బాయిలర్లున్న మిగతావాళ్ళూ వాటిని మూల పడేశారు. కడ్డీలు కావాలంటూ నా దుకాణానికే వచ్చారు. ఆ చలికాలం వచ్చినంత బేరం నాకు మళ్ళీ రాలేదు. వచ్చిన ప్రతివాడికీ, స్విచ్ ఆపు, కడ్డీ తియ్యి, అప్పుడు ముట్టు, అని మూడుసార్లు చెప్పి, మూడుసార్లు తిరిగి చెప్పించుకునేవాణ్ణి. "అయ్యవారు మంత్రం ఉపదేశం సేస్తన్నాడ్రా" అని నవ్వేవాళ్ళు. నవ్వనిచ్చాను.

రెండేళ్ళకు మా అబ్బాయి పుట్టాడు. అమ్మ నీళ్ళత్తకే కబురు పెట్టింది. వద్దని ఎలా చెప్పను, ఏమని చెప్పను. ఆమె వచ్చింది. నేను పెరటి గుమ్మంలో నిలబడ్డాను. ఎడమ మోచెయ్యి ముంచింది. చన్నీళ్ళు పొయ్యమంది. మళ్ళీ ముంచింది. నా భార్య సావిత్రి లోపల ఉంది. మా అమ్మ దిష్టికి ఉప్పు తీస్తోంది. నీళ్ళత్త నావైపు చూసింది. నీళ్ళు ఒకసారి చూడు అని అడుగుతోందని నాకు తెలుసు. వెళ్ళి చెయ్యి పెడితే ఎందుకని అమ్మ అడుగుతుంది. ఆ ప్రశ్నకి భయపడి గుమ్మంలోనే ఉండిపోయాను. మొదటి చెంబు పోసింది.

పిల్లాడు కెవ్వుమన్నాడు. వీపు ఎర్రబడింది. అమ్మ పరుగున వచ్చి పిల్లాణ్ణి లాక్కుంది. బొబ్బ ఎక్కలేదు, సాయంత్రానికి ఎరుపు కూడా పోయింది. కాని ఆ క్షణాన, "ముసలిదానివైపోయావే, నీకెందుకే ఇంక ఈ పని" అంది అమ్మ. అమ్మకి నిజం తెలియదు. తెలిసినవాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

నీళ్ళత్త చెంబు కడిగింది. పీట మీద బోర్లించింది. మడిచిన రవిక చేతిని నెమ్మదిగా మణికట్టు వైపు దించుకుంది. ఆ తరవాత ఆమె రవిక చెయ్యి మడవగా నేను చూడలేదు. ఏ ఇంటికీ ఆమె మళ్ళీ నీళ్ళు పొయ్యడానికి వెళ్ళలేదు. తెల్లవారుజామున వాళ్ళ గుమ్మంలో తల్లులు కూర్చోవడం ఆగిపోయింది.

ఆ తరవాత కొన్నాళ్ళకి గీజర్ల గురించి ఒక పుస్తకం చదివాను. నిజానికి అది పాత పుస్తకమే, నేను కడ్డీ గురించి చదివిన దాంట్లోనే తరవాతి అధ్యాయం. గడువు అయిపోయిందని ఆనాడు అక్కడ ఆపి తిరిగి ఇచ్చేశాను. గీజర్ లోపల చిన్న లోహపు ముక్క ఉంటుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ అది సాగుతుంది. కావలసినంత వేడి రాగానే కరెంటును తనంతట తనే తెంచేస్తుంది. చల్లారితే మళ్ళీ కలుపుతుంది. "అయినాయో లేదో నాకెలగ తెలుస్తాది?" అని ఆమె అడిగిన దానికి జవాబు పది పేజీల అవతల ఉంది.

ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పాను. వరండాలో బియ్యం ఏరుతోంది, ఎడమచేత్తో. అంతా విని నవ్వింది. ఎగతాళి లేని నవ్వు.

"అయితే దానికీ ఓ మోసెయ్యుందన్నమాట."

"అత్తా, అందరికీ చెప్పేస్తాను. ఈ రోజే చెప్పేస్తాను."

"సెప్పి? నా సెయ్యి ఒస్తాదేటి?" బియ్యంలోంచి ఒక రాయి తీసి పారేసింది. "ఎప్పుడో సెప్పాలనిపిస్తే సెప్పు. నా కోసం సెప్పకు. మా ఆయన ఊరికే మాట పడతన్నాడు, ఆయన కోసం సెప్పు."

ఆ మాట అన్నాక కూడా చెప్పలేదు. రేపన్నాను, పండగ వెళ్ళాక అన్నాను. దుకాణం పెరిగింది. ఆమె ముసలిదయింది.

మొన్న చలిలో, తెల్లవారాక ఆమె పోయిందని కబురు వచ్చింది. వెళ్ళేసరికి చర్చి ఆడవాళ్ళు ఆమెకు స్నానం చేయించడానికి నీళ్ళు కాస్తున్నారు. ఎక్కడో మూలనున్న రాగి బాయిలర్‌ను దానియేలు బయటికి తెచ్చి వెలిగించాడు. పదకొండేళ్ళ కిలుం కింద రాగి అక్కడక్కడ ఎర్రగా కనిపిస్తోంది. బకెట్టు నిండగానే లోపలికి మొయ్యడానికి నేను పట్టుకున్నాను. గడప దగ్గర దింపాను. చొక్కా చెయ్యి మడిచాను. మోచెయ్యి ముంచాను.

"ఏటి సేస్తన్నావు బావూ?" అంది వాళ్ళలో పెద్దావిడ. "సచ్చిపోయిన మనిషికి ఏడైతే ఏటి, సల్లనైతే ఏటి?"

వేడిగా ఉన్నాయి. చెంబుడు చన్నీళ్ళు పోశాను. ఆమె నాకు మూడు రకాల నీళ్ళు చెప్పింది, ఈ నాలుగో రకం చెప్పలేదు. మళ్ళీ ముంచాను. ఇంకో అరచెంబు పోశాను. ఉన్నాయా లేవా అన్నట్టు అయ్యాయి. ఎన్నేళ్ళు చెప్పినా అర్థంకానివి, చెప్పేవాళ్ళు లేనప్పుడు తెలిశాయి. పసిగుడ్డు నీళ్ళు.

"ఇంక పొయ్యండి" అన్నాను.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్ళకు కృతజ్ఞత చెప్పుకోవాలి. ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో హరిపద దాదా ఆ పాత పుస్తకాన్ని మళ్ళీ వెతికి ఇచ్చారు. బాయిలర్ నిర్మాణం నేను తప్పు రాయకుండా, ఆ రోజుల్లో ఆమె పెనిమిటి పక్కన రివెట్లు కొట్టిన సూరయ్య మావయ్య బొమ్మ గీసి చూపించారు. మా అమ్మకు ఈ సంగతి పోయినవారం చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు నీళ్ళత్త సమాధి దగ్గరికి తీసుకెళ్ళమంది. సావిత్రి ఈ కాగితాలు చదివి, నేను గుమ్మంలో నిలబడిన చోట, నేను రాయకుండా వదిలేసిన నాలుగు వాక్యాలు రాయించింది. వీళ్ళందరికీ రుణపడి ఉన్నాను.

చివరగా దానియేలు. అచ్చుకి ఇచ్చే ముందు ఇదంతా అతనికి చదివి వినిపించాను. అయ్యాక లేచి వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం రిక్షాలో రాగి బాయిలర్ తెచ్చి మా పెరట్లో దించాడు. చింతపండుతో తోమి తెచ్చాడు.

"అమ్మ నాకు ఆ యేడే సెప్పింది" అన్నాడు. "నువ్వెప్పుడు సెప్తావోనని సూసినాను."